పాప మూర్ఛ సంగతి బడిలో చెప్పాలా, దాచాలా?

పలకాబలపం: మా పాపకు ఏడేళ్లు. కొన్ని నెలలుగా మాట్లాడుతూ మాట్లాడుతూనే పది సెకన్లపాటు చూపు నిలిపి ఆగిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడుతోంది. పరధ్యానమని బడిలో రెండుసార్లు నిలబెట్టారు. డాక్టరు గారు గట్టిగా ఊపిరి తీసి వదలమనగానే ఆయన ఎదుటే అలా ఆగిపోయింది. మెదడులోని విద్యుత్ చర్యను నమోదు చేసే ఈఈజీ పరీక్ష చూసి, ఇది ఆబ్సెన్స్ ఎపిలెప్సీ అనే ఒక రకం మూర్ఛ అని చెప్పి మందు రాశారు. బడిలో చెబుదామని నేనంటే మా అత్తగారు ససేమిరా అంటున్నారు.

గోదావరి గట్టు: చెప్పకండి. కింద పడని, నురగ రాని దాన్ని మూర్ఛ అని మీరే పిలిస్తే ఊరంతా అలాగే పిలుస్తుంది. ఈ రకం చాలామంది పిల్లల్లో పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది. పేరు మాత్రం తగ్గదు.

ఖమ్మం మాష్టారు: పడితేనే మూర్ఛ అనడం పొరపాటు. మెదడులోని విద్యుత్ చర్య ఉన్నట్టుండి అదుపు తప్పితే అది ఏ రూపంలోనైనా కనబడవచ్చు. నెలల పిల్లలు నిద్ర లేవగానే వరుసగా తల వంచి చేతులు విదిలిస్తుంటే కడుపునొప్పి అనుకుని ఊరుకునేవారున్నారు. అదీ మూర్ఛే, అందులో ఆలస్యం చేస్తే ఎదుగుదలే దెబ్బతింటుంది.

గోదావరి గట్టు: నెలల పిల్లల గురించి ఎవరూ అడగలేదు. ఈ పాప కింద పడుతుందా, పడదా?

నిదానం: మా బాబుకు జ్వరంలో ఫిట్స్ వస్తే వీధిలో ముగ్గురు తాళాలగుత్తులు తెచ్చారు. పక్కకు తిప్పి పడుకోబెట్టినవారు ఒక్కరూ లేరు.

ఖమ్మం మాష్టారు: పడదు, ఒప్పుకుంటాను. కానీ ఈతకు తీసుకెళితే నీళ్లలో ఆ పది సెకన్లు ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? నా తరగతిలో ఒక అబ్బాయికి ఫిట్స్ వచ్చినప్పుడు, తెలియక, నేనే నోట్లో చెంచా పెట్టాను, పన్ను విరిగింది. వాళ్ల నాన్న ముందే చెప్పి ఉంటే అలా జరిగేది కాదు. దాచేవాళ్లు బిడ్డకన్నా పరువును ఎక్కువగా చూసుకుంటారు.

గోదావరి గట్టు: పన్ను విరగ్గొట్టింది వాళ్ల నాన్న మౌనం కాదు, మీ చెంచా. పరువంటారా? నాకు పదకొండేళ్లప్పుడు మా అమ్మ మీలాంటివారి మాట విని బడిలో చెప్పింది. వారం తిరగకుండా నా పక్కన కూర్చునే పిల్ల బల్ల మారింది. మందులు ఆపేసిన ఎన్నో ఏళ్లకు కుదిరిన సంబంధం కూడా, నాతో చదివినవారెవరో చెప్పగా తప్పిపోయింది. 1999లో హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితాలోంచి మూర్ఛను తొలగించారని మీరు అనబోతారు. పెళ్లిచూపుల్లోంచి ఎవరు తొలగించారు?

ఖమ్మం మాష్టారు: తెలియక అన్నానమ్మా, పరువు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈత మాట మాత్రం తీసుకోలేను.

పలకాబలపం: తరగతి టీచరుకు, ఆటల టీచరుకు మాత్రమే చెబుతాను. అలా ఆగిపోతే తిట్టవద్దని, నీళ్ల దగ్గర ఒంటరిగా వదలవద్దని, ఎప్పుడైనా ఒళ్లు కొట్టుకుంటే నోట్లో ఏదీ పెట్టకుండా పక్కకు తిప్పమని, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లమని డాక్టరు గారిచేత చీటీ రాయిస్తాను.

గోదావరి గట్టు: ఆ చీటీని హాజరు పట్టీలో పెట్టవద్దని చెప్పండి. మా అమ్మ ఇచ్చినదాన్ని అక్కడే పెట్టారు; పట్టీ తెచ్చే పిల్లలు చదివారు.