రెండున్నరేళ్ల గ్యాప్ తర్వాత డేటా అనలిటిక్స్ కోర్సు: చేరాలా, వద్దా?

గోదాము_లెక్క:
పదకొండేళ్లు ఒక గోదాములో స్టాక్ చూశాను. నాన్నకు పక్షవాతం వచ్చి, చూసుకునేవాళ్లు లేక ఉద్యోగం మానేశాను. ఆయన పోయి ఏడాది దాటింది. మొత్తం రెండున్నరేళ్లు ఖాళీ. అప్లికేషన్లు పెడుతూనే ఉన్నాను, ఉలుకూ పలుకూ లేదు. పిలిచిన రెండు చోట్లా మొదటి ప్రశ్న "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అనే. ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సులో చేరమని తమ్ముడు పట్టుబడుతున్నాడు. పాత పనే వెతుక్కోమని మా ఆవిడ. వయసు 38. కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా, లేక గ్యాప్‌కి ఇంకో ఆరు నెలలు కలుస్తాయా? మొహమాటం లేకుండా చెప్పండి.

పట్టిక_పిచ్చి:
ఆలోచించకుండా చేరిపోండి. ఎస్‌క్యూఎల్ (పట్టికల్లోని డేటాను అడిగి తీసే భాష) నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు, 1970ల్లో ఐబీఎంలో పుట్టి ఇప్పటికీ నడుస్తోంది. నేర్చుకున్నది వృథా పోదు. రోజూ రెండు గంటలు కూర్చుంటే రెండు నెలల్లో పట్టికలు కలిపే జాయిన్లు, గుంపులుగా లెక్కగట్టే గ్రూప్ బై చేతికొస్తాయి. తర్వాత చార్టులు గీసే పవర్ బీఐ. ఎక్సెల్ మీకు వచ్చే ఉంటుంది. వయసు గురించి టెన్షన్ వద్దు.

చేదు_మాత్ర:
అనలిస్టు ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమెలు చదవడం నా పనిలో భాగం, అందుకే చెబుతున్నా.

గ్యాప్ భయం నిజమే. అమెరికాలో క్రాఫ్ట్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు సుమారు 3,000 ఉద్యోగ ప్రకటనలకు 12,000 దాకా కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు. 2013లో అచ్చయింది. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే. అంటే మీకు తగలాల్సిన దెబ్బ చాలావరకు తగిలేసింది. ఇంకో ఆరు నెలలు కలిసినా కొత్తగా పోయేది తక్కువే.

నా అభ్యంతరం కోర్సు మీదే. చివర్లో చాలామందికి ఇచ్చే ప్రాజెక్టు ఒకటే, టైటానిక్ ప్రయాణికుల పట్టిక. 891 వరసలు. ఆ ఓడ నా టేబుల్ మీద వారానికి నాలుగుసార్లు మునుగుతుంది. మామూలు క్వెరీ (ఎస్‌క్యూఎల్‌లో డేటాను అడిగే ప్రశ్న), మామూలు చార్ట్ ఇప్పుడు ఏఐ కూడా రాసిపెడుతుంది, కాబట్టి ఫ్రెషర్‌గా లైన్లో నిలబడితే మీ పదకొండేళ్లను మీరే సున్నా చేసుకున్నట్టు. స్టాక్ ప్లానింగ్, కొనుగోళ్ల విభాగం లాంటి వాటికి వెళ్లండి, డేటా పని అక్కడే అడిగి తీసుకోండి.

రెండో_ఇన్నింగ్స్:
చేదు గారూ, పాత రంగానికి వెళ్లమని చెప్పడం తేలికేనండీ. ఆ తలుపు తెరుచుకోకే కదా ఈయన ఇక్కడ అడుగుతున్నారు!

నాకు పాప పుట్టాక నాలుగేళ్ల గ్యాప్. అంతకుముందు అకౌంట్స్. కోర్సు చేశాను, ఉద్యోగం దానివల్ల రాలేదు, అది ఒప్పుకుంటాను. మొదలుపెట్టిన పద్నాలుగు నెలలకు మూడు నెలల కాంట్రాక్టు దొరికింది. పనేమిటంటే ఒకే కస్టమర్ పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటే సరిచేయడం. కానీ "ఇప్పుడేం చేస్తున్నారు" అంటే చెప్పుకోవడానికి ఒకటుండేది. పొద్దున్నే లేచి కూర్చోవడానికి ఒక కారణం ఉండేది. అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అర్థం కాదు.

చేదు_మాత్ర:
అర్థం కాదన్నారు, ఒప్పుకుంటాను.

గోదాము గారూ, డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. ఎస్‌క్యూఎల్ రాసి చూడటానికి ఎస్‌క్యూలైట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీకు గుర్తున్న 200 సరుకులతో ఒక పట్టిక, అమ్మకాలతో ఇంకో పట్టిక వేయండి, మీ గోదాములో జరిగినట్టే. గత 90 రోజుల్లో ఏ సరుకు ఎంత కదిలిందో తీయండి. వచ్చింది ఇక్కడ చెప్పండి.

గోదాము_లెక్క:
తొమ్మిది రోజులు పట్టింది. రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను.

200 సరుకులు రావాలి, 163 వచ్చాయి. క్వెరీ తప్పేమీ చూపించడం లేదు. లిస్టు చదువుతుంటే తట్టింది, డెడ్ స్టాక్ ఒక్కటీ లేదు! నాకు రోజూ తిట్లు తినిపించిన సరుకే అది, మర్చిపోతానా. 90 రోజులుగా కదలనివి 37. ఉత్త జాయిన్ రెండు పట్టికల్లోనూ ఉన్నవే తెస్తుందట. మొదటి పట్టికలోవన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ పెట్టాను, మళ్లీ 163. తేదీ షరతు కింద వరసల్ని వడపోసే వేర్‌లో ఉండటం వల్ల ఖాళీ వరసలు అక్కడ ఎగిరిపోతున్నాయి. దాన్ని పైన, పట్టికలు కలిపే ఆన్‌లోకి మార్చాక 200 వచ్చాయి.

పట్టిక_పిచ్చి:
చూశారా, నేర్చుకోగలరు! కోర్సులో ఉంటే తొమ్మిది రోజులది గంటలో చెప్పేవారు.

చేదు_మాత్ర:
జాయిన్ సంగతి గంటలో చెబుతారు, నిజం. 163 దగ్గర అనుమానం రావడం ఎవరు చెబుతారు? ఆ 163తోనే అందమైన చార్ట్ గీసి తెచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు కొన్ని రోజుల పాటు లెక్కలోకే రాలేదు. పాత ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలే పడతాయి, మిగతావి చప్పుడు లేకుండా పోయాయి. కనబడనిది ఏమిటో అడిగేవాడు కావాలి. రెజ్యూమెలో టైటానిక్ బదులు ఈ 37 రాయండి.

రెండో_ఇన్నింగ్స్:
రాయండి. అనలిస్టు పోస్టులకూ పంపండి, స్టాక్ పోస్టులకూ పంపండి. ఆయన చెప్పారని ఒక తలుపే పట్టుకు కూర్చోకండి.

గోదాము_లెక్క:
రెండు రకాలవీ పంపుతున్నాను. కోర్సులో ఇప్పుడు చేరడం లేదు, తమ్ముడికి కోపంగానే ఉంది. మా ఆవిడ ఆ లిస్టు చూసి "ఇది మీ పాత పనే కదా" అంది.

ఒక డౌటు. ఆ 37లో కొన్ని అసలు ఒక్కసారి కూడా అమ్ముడు పోనివి. చివరి అమ్మకం జరిగి ఎన్ని రోజులైందనే కాలమ్‌లో వాటికి ఏమీ రావడం లేదు. సున్నా పెట్టేయనా?

చేదు_మాత్ర:
పెట్టకండి. సున్నా అంటే ఈరోజే అమ్ముడైందని చదువుతారు. ఖాళీగానే వదిలేసి, ఎందుకు ఖాళీనో పక్క కాలమ్‌లో రాయండి.