గండికోటకు ఒంటి పొయ్యి కొనాలి: క్యాసెట్ స్టవ్వా, డబ్బా మీద బిగించేదా, చిన్న సిలిండరా?

సీమపిల్ల, మారతహళ్లి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. ఫిబ్రవరి చివర్లో మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయి. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా అమ్మ కార్లో గండికోట వెళ్లి ఒక రాత్రి టెంట్లో ఉండి, మర్నాడు రాత్రికి హార్సిలీ హిల్స్ చేరి, అక్కణ్ణుంచి ఇంటికి రావాలనుకుంటున్నాం. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి రైల్లో ముద్దనూరుకు వస్తాడు.

అమ్మకు షుగరు. వేళకు తినాలి, బయటి తిండి పడదు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, పప్పు, రెండు పూటలా టీ. ఇంతవరకు వండుకోగలిగితే చాలు. తర్వాత ఇంట్లో కూడా పనికిరావాలి. పోయిన నెల సిలిండరు అయిపోయి రెండు రోజులు ఇండక్షన్ మీదే గడిపాం, అదే సమయానికి కరెంటూ పోయింది.

షాపుల్లో మూడు రకాలు చూశాను. ఒకటి సూట్‌కేసులా ఉండే పెట్టెలో పొయ్యి, పక్కన స్ప్రే డబ్బాలాంటి గ్యాస్ డబ్బా పడుకోబెడతారు. రెండోది అరచేతిలో ఇమిడేది, గుండ్రటి గ్యాస్ డబ్బా నెత్తిన మరలా తిప్పి బిగిస్తారు. మూడోది రెండు మూడు కిలోల చిన్న సిలిండరు, దాని మీదే బర్నరు. మా ఆయన మూడోదే నయం అంటున్నారు, గ్యాస్ ఎక్కువ వస్తుంది, నింపించుకోవచ్చు అని. నాకెందుకో భయంగా ఉంది. ఇవి నిజంగా వాడినవాళ్లు చెప్పండి. బడ్జెట్ మూడు వేలు.


పెన్నగట్టు, బీటీఎం లేఔట్

అక్కా, మాది జమ్మలమడుగు. గండికోట మాకు ఊరి పక్కనే. మీరు చెప్పిన మూడు రకాలూ నేను కొని వాడినవే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ చిన్న సిలిండరు. వద్దక్కా, బావగారికి నా మాటగా చెప్పండి. పీజీ వదిలి రూముకు మారిన కొత్తలో నేనూ అదే లెక్క వేసుకుని కొన్నాను. మూడు కిలోలది, ఐఎస్ఐ గుర్తు లేదు. వీధి చివర ఒక కొట్టులో పెద్ద సిలిండరు నుంచి ట్యూబు పెట్టి నింపి ఇచ్చేవాళ్లు. ఒకరోజు తెల్లవారుజామున చాప మీద పడుకుని ఉంటే గ్యాస్ వాసన. లేచి నిలబడితే లేదు. కలలో వచ్చిందేమో అనుకుని మళ్లీ పడుకున్నాను, మళ్లీ వాసన. అప్పుడు వెలిగింది. ఎల్పీజీ గాలికంటే బరువు, నేలనంటుకుని పరుచుకుంటుంది. లైటు స్విచ్ ముట్టుకోకుండా చీకట్లోనే తలుపులు తీసి, సిలిండరును మేడ మీదికి మోసుకెళ్లాను. తెల్లారాక సబ్బు నురగ రాస్తే వాల్వు మొదట్లో సన్నటి బుడగలు వరసగా లేస్తూ కనిపించాయి. లోపలి వాషరు ఎండి చీలిపోయింది. నా పక్కనే మా తమ్ముడు నిద్రపోతున్నాడు, వాడు అప్పుడు డిగ్రీ చదివేవాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

అలా నింపడం చట్టవిరుద్ధం కూడా. సిలిండరే కావాలంటే ఆయిల్ కంపెనీలు 5 కిలోలది అమ్ముతాయి, ఇండేన్‌లో దాన్ని ఛోటూ అంటారు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రసు ప్రూఫు అడగరు. దానికి రెగ్యులేటరు, ట్యూబు, మామూలు స్టవ్వు వాడుకోవచ్చు. ఇంట్లో స్పేరుగా బ్రహ్మాండం. ప్రయాణానికి మాత్రం బరువు.

రెండోది, డబ్బా మీద బిగించేది. హిమాలయాల ట్రెక్కుకని కొన్నాను. స్టవ్వు వంద గ్రాములు కూడా ఉండదు. వీపున సంచి వేసుకుని నడిచేవాళ్లకు ఇంతకు మించింది లేదు. కానీ ఎత్తు చూడండి: కింద డబ్బా, పైన బర్నరు, దాని మీద మూడు సన్నటి కాళ్లు, వాటి మీద గిన్నె. గండికోటలో బండ మీద పెట్టి లీటరు పాలు కాచాను. బండ సమంగానే ఉందనుకున్నాను. పాలు పొంగుతున్నాయని గరిటె పెట్టి కలపబోతే గరిటె బరువుకే గిన్నె ఒరిగింది. మా అక్క కూతురు అవతలి పక్క కూర్చుంది కాబట్టి సరిపోయింది. పిల్లలున్నచోట నేను మళ్లీ దాన్ని తీయలేదు.

మీకు కావలసింది మొదటిది, క్యాసెట్ స్టవ్వు. నాలుగేళ్లుగా వాడుతున్నాను. నేలకు దగ్గరగా, వెడల్పుగా కూర్చుంటుంది. మూడు లీటర్ల కుక్కరు పెట్టినా కదలదు. రెండు వేల లోపే వస్తుంది.

డబ్బా పెట్టేటప్పుడు ఒకటి గమనించండి. డబ్బా మూతి చుట్టూ ఉన్న రేకు పట్టీలో చిన్న గాటు ఉంటుంది. అది పైకి ఉండాలి. ఊరికే పెట్టిన గాటు కాదది. లోపల వాల్వుకు వంకర గొట్టం ఉంటుంది, గాటు పైకి ఉంటే గొట్టం కూడా పైకి తిరిగి, పైన చేరిన ఆవిరిని మాత్రమే లాగుతుంది. తలకిందులుగా పెడితే కింది ద్రవమే బర్నరులోకి వచ్చి మంట భగ్గున పసుపుగా లేస్తుంది. మంచి స్టవ్వుల్లో గాటు సరిగా కూర్చోకపోతే డబ్బాను బిగించే లివరు దిగదు. దిగకపోతే బలవంతం చేయకండి, తీసి మళ్లీ పెట్టండి.

గ్యాస్ లెక్క నేను వంటింటి తూకంతో చూసుకున్నాను. 220 గ్రాముల డబ్బా నిండుగా 315 గ్రాములు తూగింది, అయిపోయాక 95. బాల్కనీలో గాలి లేనప్పుడు లీటరు నీళ్లు మరగడానికి ఐదు నిమిషాలు, 14 గ్రాములు. అదే నీళ్లు, అదే గిన్నె, గండికోట లోయ అంచున పదకొండు నిమిషాలు పట్టింది. పెన్న మీదుగా వచ్చే గాలి అక్కడ సాయంత్రం ఆగదు, మంట గిన్నె కింద నిలవదు. కాబట్టి అంచుకు దూరంగా, కారు చాటున పెట్టుకోండి. పెద్ద మంట మీద ఒక డబ్బా గంటా పావు నుంచి గంటన్నర వస్తుంది. మీ వంటకు రెండు డబ్బాలు సరిపోతాయి, మూడోది స్పేరుగా ఉంచుకోండి.

ఇక అసలు జాగ్రత్త. డబ్బా 50 డిగ్రీలు దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది. ఫిబ్రవరి చివరికే మా దగ్గర ఎండ మండుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి తేలిగ్గా వస్తుంది. కోట చూడ్డానికి వెళ్లేటప్పుడు డబ్బాలు కార్లో వదలొద్దు, తడి గుడ్డ చుట్టి నీడలో మీతోనే ఉంచుకోండి.

తమ్ముడితో రైల్లో డబ్బాలు తెప్పించే ఆలోచన ఉంటే మానుకోండి. మండే వస్తువులు రైల్లో తేవడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద నేరం, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. విమానంలోనూ అంతే, చేతి సంచిలోనైనా చెక్-ఇన్‌లోనైనా ఒప్పుకోరు.


సీమపిల్ల, మారతహళ్లి

చాలా థాంక్స్ అన్నా. వాసన సంగతి చదివి మా ఆయనకు చూపించాను, సిలిండరు మాట మళ్లీ ఎత్తలేదు. రెండు సందేహాలు. ఉగ్గానికి మా ఇంట్లో పెద్ద ఇనుప బాణలి ఉంది, అది పెట్టొచ్చా? ఇంకోటి, ఖాళీ డబ్బాను ఇంటి సిలిండరు నుంచి నింపుకునే అడాప్టరు ఆన్‌లైన్లో చూశాను. మూడు వందలే. వాడొచ్చా?


మంచుదారి, వైట్‌ఫీల్డ్

అడాప్టరు గురించి నేను చెబుతాను. దయచేసి వాడొద్దండి. ఆ పల్చటి రేకు డబ్బా బ్యూటేన్ అనే గ్యాస్ కోసం చేసింది. 20 డిగ్రీల వేడిలో బ్యూటేన్ ఆవిరి ఒత్తిడి సుమారు 2 బార్లు. ప్రొపేన్ అనే ఇంకో గ్యాస్‌ది 8 దాటుతుంది. ఇంటి ఎల్పీజీలో రెండూ కలిసే ఉంటాయి. ఆ ఒత్తిడికి డబ్బా తయారు కాలేదు. పైగా ఎంత నిండిందో తెలియదు. ద్రవం వ్యాకోచించడానికి ఖాళీ మిగలకపోతే ఎండలో పెట్టగానే డబ్బా ఉబ్బుతుంది.

ఇంకో సంగతి, హార్సిలీ హిల్స్‌లో పొద్దున మంట చిన్నగా వస్తే స్టవ్వు పాడైందనుకోకండి. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద మరుగుతుంది. గ్యాస్ ఆవిరవుతూ తన డబ్బానే చల్లబరుస్తుంది, చేత్తో ముట్టుకుంటే ఐసులా ఉంటుంది. సగం అయిపోయిన డబ్బా, చల్లటి పొద్దు కలిస్తే మంట నీరసిస్తుంది. రాత్రి డబ్బాను చలికి బయట వదలకుండా గదిలో ఉంచండి, పొద్దున కొత్తది పెట్టండి. మంచు కొండల్లోకి వెళ్లేవాళ్లు ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన గట్టి డబ్బాలు వాడేది ఇందుకే. ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. మీకు అవి అక్కర్లేదు.

ఆ ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి పప్పు గిన్నెలో కాకుండా కుక్కర్లోనే వండండి. గ్యాస్ సగం మిగులుతుంది.


పెన్నగట్టు, బీటీఎం లేఔట్

బాణలి అడ్డకొలత చూడండక్కా. అంచు గ్యాస్ డబ్బా మూత మీదికి రాకూడదు. వస్తే కింది సెగ వెనక్కి తిరిగి డబ్బాను వేడి చేస్తుంది. పోయిన సంక్రాంతికి నేను పెద్ద ఇనుప పెనం పెట్టి వరసగా దోసెలు పోస్తున్నాను. పదో దోసెకో పదకొండో దోసెకో టక్కుమని లివరు పైకి లేచి మంట ఆరిపోయింది. లోపల ఒత్తిడి పెరిగితే డబ్బాను వదిలేసే ఏర్పాటు అది. మూత తీసి ముట్టుకుంటే డబ్బా వెచ్చగా ఉంది. ఆ ఏర్పాటు ఉందో లేదో కొట్లోనే అడిగి, అది ఉన్న స్టవ్వే కొనండి. నాలుగైదు వందలు ఎక్కువైనా పర్లేదు. ఉగ్గానికి చిన్న బాణలి తీసుకుని రెండు వాయిలుగా చేయండి.


పంపుస్టవ్వు, మల్లేశ్వరం

అమ్మా, నేను 1960లలో కిరోసిన్ పంపు స్టవ్వు మీద వంట చూసి పెరిగినవాణ్ణి. స్వీడన్‌లో 1892లో పుట్టిన ప్రిమస్ స్టవ్వు వంశమే అది. 1953లో ఎవరెస్టు ఎక్కినవాళ్లు కూడా దాంతోనే మంచు కరిగించుకున్నారు. మా అమ్మ ముందు చిన్న పళ్లెంలో స్పిరిటు వెలిగించి బర్నరును కాచేది, అప్పుడు నాలుగు పంపులు కొట్టేది. నాజిల్లో నలుసు పడితే పిన్నుతో పొడవాలి. పిన్ను కనపడకపోతే ఆ పూట అన్నం ఆలస్యం. ఆ గర్‌ర్‌మనే చప్పుడు ఆగిందంటే వంటయిందని మాకు గుర్తు.

నీ ప్రయాణానికి ఒక్క మాట చెప్పాలి. వాన వచ్చినా, గాలి వచ్చినా, పిల్లలు చలి అన్నా, పొయ్యిని టెంట్లోకి తేవద్దు. మూసిన చోట మంటకు గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. గ్యాస్ లీకైతే వాసన పట్టిస్తుంది, దీనికి వాసనే ఉండదు. నిద్రలోనే మనిషి పోతాడు. కారు లోపల కూడా వద్దు.

గాలికి అడ్డంగా నూనె డబ్బా రేకు కత్తిరించి, అంచులు మడిచి పెట్టుకో. బర్నరు వైపు మాత్రమే పెట్టు, గ్యాస్ డబ్బా ఉన్న వైపు తెరిచి ఉంచాలి.


సీమపిల్ల, మారతహళ్లి

అందరికీ కృతజ్ఞతలు. బాబాయిగారూ, మీ అమ్మగారి పిన్ను సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. వాళ్లింట్లో పిన్ను క్యాలెండరు మేకుకు వేలాడేదట.

నిన్న సాయంత్రం క్యాసెట్ స్టవ్వు కొన్నాం, టక్కుమని ఆరే ఏర్పాటు ఉన్నదే. మూడు డబ్బాలు తీసుకున్నాం. ఈ పొద్దున బాల్కనీలో వెలిగించి చూశాను. గాటు మొదటిసారి పక్కకు పెట్టాను, అన్న చెప్పినట్టే లివరు దిగలేదు. తీసి పైకి తిప్పితే దిగింది. నీలం మంట వచ్చింది. బొరుగులు నానబెట్టి పిండి, చిన్న బాణలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి తాలింపు పెట్టి, ఐదుగురికి రెండు వాయిల ఉగ్గాని చేశాను. పైన పుట్నాల పొడి చల్లాను. అమ్మకు సరిగ్గా ఎనిమిదింటికి పెట్టాను. తర్వాత డబ్బా తూచితే 315 నుంచి 283కి వచ్చింది. ఆ అంకె స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాసి పెట్టాను.