కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చిన్నపిల్లల టీచర్ కోర్సు: ఏమేం కావాలి?

మాది కడప. చెల్లెలు పెళ్ళయ్యాక కాలిఫోర్నియా వెళ్ళింది, హెచ్-4 వీసా (అక్కడ ఉద్యోగం చేసే భర్త మీద ఆధారపడి వెళ్ళేవాళ్ళకిచ్చేది). డిగ్రీ మధ్యలో ఆపేసింది. ఇప్పుడు అక్కడి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కోర్సుల ప్రభుత్వ కాలేజీ) ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ చేస్తానంటోంది. ఇంటర్‌లో 52 శాతమే, సీటు ఇస్తారా అని ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: అన్నా, మార్కుల సంగతి వదిలేయండి. అక్కడ 18 ఏళ్ళు నిండితే చాలు, ఎంట్రన్స్ ఉండదు. హెచ్-4 మీద చదువుకోవచ్చు, వీసా మార్చే పని లేదు. ఇక్కడి డిగ్రీ సబ్జెక్టులు లెక్కలోకి రావాలంటేనే మార్కుల మెమోలు మదింపు చేయించాలి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ముందే చూసుకోండి, నేను అక్కడే ఇరుక్కున్నా.

జవాబు: అసలు తంటా చేరాక, పిల్లల దగ్గరికి ప్రాక్టికల్స్‌కి పంపేటప్పుడు వస్తుంది. వేలిముద్రలు, టీకాల కాగితాలు, టీబీ పరీక్ష అడుగుతారు. మనందరికీ భుజం మీద బీసీజీ (చిన్నప్పుడు వేసే టీబీ టీకా) మచ్చ ఉంటుంది కదా, దానివల్ల చర్మం కింద సూదేసి చేసే పరీక్షలో జబ్బు లేకున్నా పాజిటివ్ రావచ్చు. నాకు చెయ్యి రూపాయి బిళ్ళంత ఉబ్బింది, ఎక్స్‌రే తీసేదాకా నిద్ర లేదు. రక్తపరీక్షే చేయమని అడగమనండి.

జవాబు: ఫీజు కనుక్కోండి అన్నా. స్థానికులకు యూనిట్‌కు (కోర్సు క్రెడిట్‌కు) 46 డాలర్లు, కానివాళ్ళకు చాలా ఎక్కువ. ఏడాది దాటి ఉంటే స్థానికత అడగొచ్చు, హెచ్-4 వాళ్ళకూ వర్తిస్తుంది. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ విడిగా రావాలి.

అడిగినాయన: బీసీజీ సంగతి అస్సలు తట్టలేదు. రాత్రికి ఫోన్ చేసి చెప్తా.