ఏప్రిల్ సంగీత సాయంత్రం: పాల్ చేంబర్స్ కోసం ఒక గంట, వాలంటీర్లు ఇక్కడే రాయండి

కల్చరల్ కమిటీ:
అందరికీ నమస్కారం. ఉగాది హడావుడి తీరింది కాబట్టి ఏప్రిల్ కార్యక్రమం పని మొదలుపెడుతున్నాను. మీటింగ్‌లో అనుకున్నట్టే ఈసారి ఒక గంట మనం ఉంటున్న ఊరికి, అంటే డెట్రాయిట్‌కి ఇస్తున్నాం. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ కూడా ఈ ఊరి సంగీతం అనగానే మనలో చాలామంది ఇక్కడ పుట్టిన రికార్డు కంపెనీ మోటౌన్ దగ్గర ఆగిపోతారు. మోటౌన్ పుట్టకముందే ఇక్కడి స్కూళ్ళలో నేర్చుకుని న్యూయార్క్ వెళ్ళి జాజ్‌ని మోసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో బేసిస్టు పాల్ చేంబర్స్‌ని ఎంచుకున్నాం. ఏప్రిల్ 22 ఆయన పుట్టినరోజు. ఆ వారం శనివారానికి హాల్ దొరికింది.

పేరు కొత్తగా ఉన్నవాళ్ళ కోసం కొంచెం చెబుతాను. 1935లో పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. తల్లి పోయాక డెట్రాయిట్ వచ్చారు. ముందు బారిటోన్ హార్న్, ట్యూబా ఊది, ఆ తర్వాత డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, వయొలిన్ ఆకారంలోని పెద్ద తీగల వాయిద్యం; బేస్ అన్నా ఇదే) పట్టుకున్నారు. క్యాస్ టెక్ హైస్కూల్లో చదివారు. డెట్రాయిట్ సింఫనీలో బేస్ వాయించే ఒకాయన దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. 1955లో, ఇరవై ఏళ్ళకే, ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బృందంలో చేరి 1963 దాకా ఉన్నారు. బ్లూ నోట్, ప్రెస్టీజ్ అనే జాజ్ కంపెనీల ఆ కాలపు రికార్డుల అట్టలు తిరగేస్తే ఆయన పేరు మాటిమాటికీ కనబడుతుంది.

ఒక్కటి ముందే చెప్పేస్తాను. ఈ గంటలో ఉపన్యాసాలు, పవర్‌పాయింట్ వద్దు. బేస్ అనేది పాటలో ఉన్నా మన చెవి పట్టించుకోని వాయిద్యం. హాల్లో కూర్చున్నవాళ్ళు ఇంటికెళ్ళేలోపు పాట కింద నడిచే ఆ వరసని ఒక్కసారైనా వెంబడించగలిగితే చాలు. మిగతా ఏర్పాట్లన్నీ దీనికోసమే.

సౌండ్:
అన్నా, అలాగైతే అసలు పని నాదే. డబుల్ బేస్‌లో అన్నిటికంటే కింది తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. మన దగ్గరున్న రెండు స్పీకర్లు ప్రసంగాలకి బాగానే ఉంటాయి గానీ అంత కింది శబ్దం వాటిలో సరిగ్గా రాదు. సబ్‌వూఫర్ అద్దెకి తెస్తాను. ఇంకో మాట. డాన్సులప్పుడు అడిగినట్టు "అన్నా, బేస్ పెంచు" అని ఎవరూ నా టేబుల్ దగ్గరికి రావొద్దు. పెంచితే బూమ్మని ఒకటే మోత, ఏ స్వరమో తెలీదు. అంతా ఫ్లాట్‌గా, అంటే ఏదీ పెంచకుండా తగ్గించకుండా ఉంచుతాను. ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి కేబుల్ గుచ్చడం కూడా వద్దు, సీడీలు ఉన్నవాళ్ళు ఇవ్వండి.

యూత్:
పరిచయం చేసేటప్పుడు "జాజ్‌లో బేస్ అంటే మన తంబూరా" అందామా? పెద్దవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

కల్చరల్ కమిటీ:
అర్థమైనట్టు ఉంటుంది గానీ తప్పుదారి పడుతుందమ్మా. తంబూరా కచేరీ అంతా ఒకే శ్రుతిలో నిలబడుతుంది. జాజ్‌లో బేస్ నడకని వాకింగ్ బేస్ అంటారు, అందులో దెబ్బకొక స్వరం, అదీ మారుతూ ఉంటుంది. ఇప్పుడున్న కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) ఏదో చెబుతూనే రాబోయే కార్డ్‌కి దారి తీయాలి. పైగా తాళం డ్రమ్మర్ ఒక్కడి పూచీ కాదు, బేసిస్టు వేసే ప్రతి దెబ్బా దాన్ని పట్టి ఉంచుతుంది. చేంబర్స్ ఆ నడకలో దెబ్బ ఎక్కడా బరువెక్కదు, వెనకబడదు. జిమ్మీ కాబ్ డ్రమ్స్‌తో కలిసినప్పుడు ఇంకా తెలుస్తుంది.

మనవాళ్ళకి పట్టు దొరికే చోటు వేరే ఉంది. మొదట వినిపించబోయే 'సో వాట్' చూడండి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ళ 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. మైల్స్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట. మొదటి అర నిమిషం బిల్ ఎవాన్స్ పియానో, చేంబర్స్ బేస్ మెల్లగా వెతుక్కుంటున్నట్టు ఉంటాయి. ఆ తర్వాత అసలు వరస ఎత్తుకునేది ట్రంపెట్ కాదు, బేస్. బేస్ ఒక మాట అంటుంది, మిగతావాళ్ళు రెండు దెబ్బల్లో జవాబిస్తారు. ట్రంపెట్ మైల్స్, సాక్సోఫోన్ కోల్ట్రేన్, ఆడర్లీ లాంటి ముగ్గురిని పక్కన పెట్టుకుని పాటని బేస్ చేతిలో పెట్టడం అప్పట్లో మామూలు సంగతి కాదు.

స్వరాలు చూస్తే స రి గ మ ప ద ని, మన ఖరహరప్రియ మెట్లే. 'చక్కని రాజమార్గము' నేర్చుకున్న పిల్లలు ఆ స్కేల్‌ని పాడేయగలరు. గమకాలు ఉండవు, రాగభావం వేరు, కాబట్టి ఇది ఖరహరప్రియే అని మైకులో అనొద్దు. పదహారు బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు దెబ్బలు) అలా నడిచాక ఎనిమిది బార్లు మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది, మళ్ళీ కిందికి వచ్చి ఎనిమిది బార్లు. ఆధార షడ్జమం అలా జరగడం మన కచేరీలో ఊహించలేం. సంగీతం టీచర్ అక్క ఆ మెట్లు పాడి చూపిస్తారు, జరిగే చోట చెయ్యెత్తుతారు. అక్కా, సరేనా?

సంగీతం టీచర్:
సరే. కానీ నేను పాడేది ఒక్క నిమిషమే. పాట తొమ్మిది నిమిషాల పైన ఉంది కదా, మధ్యలో ఆపి వ్యాఖ్యానం చేయొద్దు. మొత్తం వినిపించండి.

పేరెంట్ వాలంటీర్:
మా వాడు స్కూల్ జాజ్ బ్యాండ్‌లో బేస్ వాయిస్తాడు. నాలుగు తీగలు ఒక్కొక్కటి మోగించి, మెల్లగా ఒక బ్లూస్ (జాజ్‌కి మూలమైన పాట పద్ధతి) నడక చూపిస్తానంటున్నాడు. 'మిస్టర్ పీ.సీ.' వేగం మాత్రం తన వల్ల కాదన్నాడు!

కల్చరల్ కమిటీ:
ఆ వేగం చాలామంది వల్ల కాదండీ. మెల్లగా వాయిస్తేనే మేలు, వేళ్ళు కనబడతాయి. ఆ వెంటనే అసలు రికార్డు పెడదాం. 'మిస్టర్ పీ.సీ.' అంటే పాల్ చేంబర్సే. కోల్ట్రేన్ ఆయన పేరు మీద కట్టిన మైనర్ బ్లూస్, 1959 మేలో 'జెయింట్ స్టెప్స్' ఆల్బమ్ కోసం రికార్డయింది. బేస్ వాయించింది ఆయనే. పియానో టామీ ఫ్లానగన్, ఆయనదీ డెట్రాయిటే.

విల్లుతో వాయించడం కూడా తప్పకుండా ఉండాలి. జాజ్ బేసిస్టులు ఎక్కువగా వేళ్ళతో మీటుతారు. చేంబర్స్ విల్లుతో పూర్తి సోలోలు వాయించేవారు. 1957లో సొంత పేరుతో చేసిన 'బేస్ ఆన్ టాప్' ఆల్బమ్‌లో మొదటి పాట 'యెస్టర్‌డేస్' అలాంటిదే. గిటార్ కెనీ బరెల్, డెట్రాయిట్‌లో పుట్టినాయన. పియానో హాంక్ జోన్స్, మన పక్కనే పాంటియాక్‌లో పెరిగినాయన. నా అభిప్రాయంలో ఆ విల్లు సోలోలు అందరికీ నచ్చవు, ధ్వని కాస్త గరుకుగా ఉంటుంది. అయినా వినిపిద్దాం.

యూత్:
ఒక డౌట్. బయోగ్రఫీలో హెరాయిన్, మందు గురించి ఉంది. పిల్లలు ఉంటారు కదా, తీసేయాలా?

ఒక పేరెంట్:
తీసేస్తేనే మంచిది. శనివారం సాయంత్రం ఫ్యామిలీతో వచ్చి ఇవెందుకు?

కల్చరల్ కమిటీ:
నాకు దాచడం ఇష్టం లేదండీ. 1969 జనవరి 4న, ముప్పైమూడేళ్ళకే క్షయతో పోయారు. అంత చిన్న వయసులో ఎందుకని హైస్కూల్ పిల్లలు ఎలాగూ అడుగుతారు, ఇంటికెళ్ళి చూసుకుంటారు కూడా. రెండు వాక్యాలు చాలు: వ్యసనం ఆరోగ్యాన్ని తినేసింది, చివరి ఏళ్ళు కష్టంగా గడిచాయి. కథలుగా సాగదీయొద్దు, నీతి చెప్పొద్దు.

ఒక పేరెంట్:
రెండు వాక్యాలే అయితే ఓకే.

డాన్స్ కో-ఆర్డినేటర్:
గంటసేపు కూర్చుని వినడం అంటే మనవాళ్ళు లేచి ఫోన్లు పట్టుకుని బయటికి పోతారేమోనని టెన్షన్‌గా ఉంది. మధ్యలో ఒక డాన్స్ పెడదాం?

కల్చరల్ కమిటీ:
డాన్సులన్నీ రెండో భాగంలో, భోజనం తర్వాత. ఈ గంటలో 'కైండ్ ఆఫ్ బ్లూ'లోదే 'ఆల్ బ్లూస్' కూడా ఉంది. పదకొండు నిమిషాలు దాటుతుంది, దాదాపు పాటంతా బేస్ ఒకే వరస తిప్పి తిప్పి వాయిస్తుంది. అది రికార్డయింది 1959 ఏప్రిల్ 22న, ఆయనకి ఇరవై నాలుగు నిండిన రోజున. పుట్టినరోజు నాడు స్టూడియోకి వెళ్ళి అందరి సోలోల కింద ఆ వరసని కదలకుండా పట్టుకున్నారు. దాని మధ్యలో డాన్స్ పెట్టలేను వదినా, ఏమీ అనుకోకండి.

యూత్:
క్విజ్‌కి ఒక ప్రశ్న దొరికింది. 1963లో చేంబర్స్ వెళ్ళాక మైల్స్ బృందంలోకి వచ్చిన బేసిస్టు రాన్ కార్టర్. ఫెర్న్‌డేల్‌లో పుట్టాడు, ఆయనా క్యాస్ టెక్కే! 2,221 రికార్డింగులతో గిన్నిస్‌లో ఎక్కాడు. ఒకే స్కూల్ నుంచి వరసగా ఇద్దరు.

ట్రెజరర్:
రికార్డులు బహిరంగంగా వినిపించడానికి హాల్ వాళ్ళకి ఆస్కాప్, బీఎంఐ (పాటలు కట్టినవాళ్ళ హక్కులు చూసే సంస్థలు) లైసెన్సులు ఉన్నాయో లేదో కనుక్కోండి, లేకపోతే మనం తీసుకోవాలి. ఫ్లయర్ మీద ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో పెట్టేయొద్దు. వాటికి హక్కుదారులు ఉంటారు. బేస్ బొమ్మ ఎవరైనా గీస్తే అదే వేద్దాం.

ఫుడ్ కమిటీ:
మాకేం చెప్పలేదు ఎవరూ. మిర్చి బజ్జీలు, ఫిల్టర్ కాఫీ అనుకుంటున్నాం.

సౌండ్:
అక్కా, కిచెన్ గోడ స్టేజీ వెనకే. పాటలు నడిచే గంటలో గిన్నెల చప్పుడు లేకుండా చూడండి. బజ్జీలు ముందే వేయించేస్తే?

ఫుడ్ కమిటీ:
చల్లారిన బజ్జీ ఎవరు తింటారు? పిండి కలిపి ఉంచుతాం, మీ ఆఖరి పాట మొదలయ్యాక నూనె పెడతాం. కాఫీ మాత్రం ఫ్లాస్కుల్లో ముందే.

సౌండ్:
డన్. సబ్‌వూఫర్ శుక్రవారం సాయంత్రం తెచ్చుకోవాలి, నా సెడాన్‌లో పట్టదు. మినీవ్యాన్ ఉన్నవాళ్ళు ఎవరైనా?

పేరెంట్ వాలంటీర్:
మాది ఉంది. వాడి బేస్ కోసం వెనక సీట్లు ఎప్పుడూ మడిచే ఉంటాయి. ఐదున్నరకి అడ్రస్ పంపండి.