1943 చిల్లు కానీ: రెండో ప్రపంచ యుద్ధం మన సీమ దాకా ఎట్లా వచ్చింది?

ప్రశ్న (ప్రొద్దుటూరు, డిగ్రీ రెండో సంవత్సరం)

నిన్న మా జేజి ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత మొలతాడు ఒకటి దొరికింది. నల్లదారం పీలికలైపోయింది గానీ దానికి కట్టిన కానీ మాత్రం అట్లే ఉంది. నడుమ పెన్సిలు దూరేంత చిల్లు. రాజు బొమ్మ లేదు, చిన్న కిరీటం, 1943 అని అంకెలు. జేజి పుట్టినప్పుడు వాళ్లమ్మ కట్టిందంట. "యుద్ధంలో రాగికి కరువొచ్చి చిల్లు పెట్టినారని మా అమ్మ చెప్పేది" అనింది జేజి.

ఇది నిజమేనా? మాకు ఈ యుద్ధం కారణాలు, మలుపులు, ఫలితాలు పది మార్కుల ప్రశ్న. తేదీలన్నీ బట్టీ పట్టినా. కానీ హిట్లర్ పోలండ్ మీద పడితే ప్రొద్దుటూరులో కానీకి చిల్లెందుకు పడిందో నాకు అంతుపట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (అనంతపురం, రిటైరైన చరిత్ర లెక్చరర్)

అమ్మా, మీ జేజికి వాళ్లమ్మ చెప్పింది నిజమే. తూటాలకు ఇత్తడి కావాలి, ఇత్తడికి రాగి కావాలి. పైగా చిల్లర దాచుకునేవాళ్లు ఎక్కువై బజార్లో కానీలే కరువైనాయి. అందుకే 1943లో నడుమ చిల్లు పెట్టి, పాత కానీ బరువులో సగం కూడా లేకుండా కొత్తది తెచ్చినారు. రూపాయి గతీ అంతే. పన్నెండు పాళ్లలో పదకొండు వెండి ఉండేది, 1940లో సగానికి దించినారు.

ఇంక కారణాల సంగతి. పోలండ్ మీద దాడి, 1939 సెప్టెంబరు 1, అక్కడినుంచి మొదలుపెడితే ఏమీ అర్థం కాదు. నేను క్లాసులో ఎప్పుడూ 1929 నుంచే మొదలుపెట్టేవాణ్ణి. 1919 వెర్సాయ్ ఒప్పందం జర్మనీ నెత్తిన నష్టపరిహారమూ అవమానమూ రెండూ పెట్టింది, కాదనను. అయినా 1928 ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి మూడు శాతం ఓట్లు కూడా రాలేదు. ఆ తర్వాతి ఏడు అమెరికాలో మొదలైన మాంద్యం జర్మనీకి పాకి, 60 లక్షల మందికి పని లేకుండా పోయింది. 1932 జులైలో అదే పార్టీకి 37 శాతం. 1933 జనవరి 30న అతను ఛాన్సలర్. అవమానానికి ఆకలి తోడైనాకే జనం అతని మాట విన్నారు.

1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సు కలిసి చెకోస్లొవేకియాలో ఒక ముక్క అతనికి రాసిచ్చినాయి. 1939 ఆగస్టు 23న స్టాలిన్‌తో ఒప్పందం కుదిరింది, ఇంక అడ్డం లేదు. సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజే వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను ఒక్క మాట అడక్కుండా ఇండియాను దించినాడు. దానికి నిరసనగా అక్టోబరు నెలాఖరుకు మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. మన జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే.

జవాబు (ఆదోని)

సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. మీ కడపవైపు శెనక్కాయలంటారు, మేం బుడ్డలంటాం. మా తాతది ఆ వ్యాపారమే. అప్పట్లో ఇక్కడి బుడ్డలు ఓడలెక్కి ఫ్రాన్సులో మార్సెయ్ రేవుకు పోయేవి. అక్కడి మిల్లుల్లో నూనె తీసేవాళ్లు, సబ్బులకు వాడేవాళ్లు. 1940 జూన్‌లో ఫ్రాన్సు హిట్లర్‌కు లొంగిపోయింది, ఆ దారి మూసుకుపోయింది. ఆ ఏడు ఒక రైతు బండి కట్టుకొని తెల్లవారకముందే వచ్చి గోడౌన్ ముందర నిలబడినాడంట. ధర చెప్పడానికి మా తాతకు నోరు రాలేదంట. మూటలు దించకుండానే ఎద్దులను మళ్లించుకొని పోయినాడని మా నాయన ఇప్పటికీ చెప్తాడు.

ప్రశ్న అడిగినామె

ఇది మా గైడులో ఎక్కడా లేదన్నా. సార్, మలుపు అంటే స్టాలిన్‌గ్రాడ్ రాయాలనా? జపాన్ ఎందుకు దిగింది?

జవాబు (అనంతపురం, రిటైరైన చరిత్ర లెక్చరర్)

స్టాలిన్‌గ్రాడే రాయి, అది సరైన జవాబే. 1941 జూన్ 22న రష్యా మీద పడిన జర్మన్లలో ఒక సైన్యం సైన్యమే 1943 ఫిబ్రవరి 2 నాటికి అక్కడ లొంగిపోయింది. ఆ జులైలో కుర్స్క్ దగ్గర చేసిన ప్రయత్నమూ చెడిపోయింది. పసిఫిక్‌లో 1942 జూన్, మిడ్‌వే: జపాన్ నాలుగు విమానవాహక నౌకలు పోగొట్టుకుంది.

నన్నడిగితే మాత్రం మన ఇండ్లకు తగిలిన మలుపు 1942 మార్చి, రంగూన్ పడిపోయిన నెల. జపాన్ 1937 నుంచి చైనాలో యుద్ధం చేస్తానే ఉంది. 1941లో అమెరికా దానికి చమురు ఆపేసింది. ఆగ్నేయాసియాలో ఉన్న చమురు లాక్కోవాలని బయల్దేరి, అమెరికా అడ్డం రాకుండా డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దెబ్బ తీసింది. ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది, ఆ వెంటనే రంగూన్. బర్మా బియ్యం రావడం నిలిచిపోయింది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కష్టం చేసుకునే మన తెలుగువాళ్లు పిల్లాపాపలతో కొండలు, అడవులు దాటి నడిచొచ్చినారు. దారిలోనే పోయినవాళ్లెందరో. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద బాంబులు పడినాయి.

మరుసటేడు బెంగాల్ కరువు. 30 లక్షల దాకా ప్రాణాలు పోయినాయంటారు. బర్మా బియ్యం ఆగడం ఒక్కటే కాదు, ధరలు మండిపోతున్నా పల్లెలను వదిలేసి సైన్యానికీ కలకత్తాకూ ముందు తిండి చూసుకున్న ప్రభుత్వమూ కారణమే. ఫలితాల కింద హిరోషిమా, నాగసాకి, ఐక్యరాజ్యసమితి, రెండు ముక్కలైన జర్మనీ రాస్తారు, రాయాల్సినవే. ఆ కరువు ఊసే లేని పేపర్లు దిద్దేటప్పుడు నాకు మనసు కలుక్కుమనేది. నువ్వు రాయి. మన సైన్యంలో ఉన్న 25 లక్షల మందినీ, తిరిగిరాని 87 వేల మందినీ రాయి.

ఇంకొకటి. యుద్ధానికి ముందు మనం ఇంగ్లండుకు బాకీ. అయిపోయేసరికి ఇంగ్లండే మనకు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. మన సరుకు, మన మనుషుల కష్టం అంతా అరువుకు తీసుకొని, ఇక్కడ నోట్లు అచ్చేసి కట్టినారు. ధరలు ఆకాశానికంటింది అందుకే. చేతిలో డబ్బు లేక, సైన్యం మీద నమ్మకం సడలి, 1947లో వాళ్లు పోయినారు.

ఆ కానీని చింతపండు పెట్టి తోమొద్దమ్మా. ఆ దారప్పోగులు కూడా తీయకుండా, మెత్తని గుడ్డలో చుట్టి అట్లే పెట్టు. జేజిని కూర్చోబెట్టుకొని వాళ్లమ్మ ఇంకా ఏమేం చెప్పిందో అడిగి ఒక నోటుబుక్కులో రాసుకో.