సమస్య: వీణ తీగ తెగిన విందు చెవికి

బ్రాడీపేట మాస్టారు: ఈ వారం ఆటవెలది పద్యం. నాలుగో పాదం పైన ఇచ్చాను, మిగతా మూడూ మీవి. తీగ తెగితే చెవికి విందేమిటి అని నన్ను అడగొద్దు.

గాంధీనగర్ బాబాయి:
పక్క యింటి పిల్ల పట్టిన రాగమ్ము
రాత్రి పగలు వినగ రంపకోత
నేటి రేయి మాకు నిద్దుర పట్టెను
వీణ తీగ తెగిన విందు చెవికి

మాస్టారు: నడక బాగుంది. యతులూ, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జత అక్షరాలూ, కుదిరాయి. కానీ సమస్య చూడగానే అందరికీ ముందు తట్టే పూరణ ఇదే. పాపం, ఆ పిల్ల ఇది చదవకుండా చూడండి.

కృష్ణలంక కుర్రాడు:
తంతి తెగిన వేళ డిస్కార్డు పుట్టెను
తెల్లవారి భాష తెలిపె నాకు
మాట పుట్టు వెరిగి మై పులకించెను
వీణ తీగ తెగిన విందు చెవికి

గాంధీనగర్ బాబాయి: డిస్కార్డ్ అంటే మావాడు గేమ్స్ ఆడుతూ కబుర్లు చెప్పుకునే యాప్ కాదూ?

మాస్టారు: తమ్ముడూ, మొదటి పాదంలో ‘తం’కీ ‘డి’కీ యతి ఎక్కడిది? పొసగకపోవడం, అపశ్రుతి అని అర్థమున్న మాటను తెచ్చి పద్యంలోనే పొసగకుండా పెట్టావు. అది పోనీ, అసలు తప్పు అర్థంలో ఉంది. కార్డ్ అంటే తీగ, డిస్ అంటే విడిపోవడం అని లెక్క కట్టినట్టున్నావు. తీగకు గ్రీకులో ఖోర్డే అంటారు, దాని అసలు అర్థం పేగు. పూర్వం పేగునే మెలిపెట్టి తీగగా బిగించేవాళ్లు. డిస్కార్డ్‌కీ దానికీ చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘కోర్’ అంటే గుండె. గుండెలు విడిపోతే డిస్కార్డ్, దగ్గరైతే అకార్డ్, కలిసి ఉంటే కాంకార్డ్. 13వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది.

తమాషా ఏమిటంటే, నీలాగే ఇంగ్లీషువాళ్లూ తికమకపడ్డారు. కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే కార్డ్ కూడా మొదట అకార్డ్‌కు తల కొట్టేసిన రూపమే. తర్వాత తీగ మాటను చూసి అందులో హెచ్ ఇరికించారు. డిస్కార్డ్‌లో ఆ హెచ్ లేదు, స్పెల్లింగ్ చూసుకో.

కుర్రాడు: మాస్టారూ, ‘కోర్’కీ మన హృదయానికీ సంబంధం ఉందా?

మాస్టారు: భాషావేత్తలు కలుపుతారు. కాకపోతే హృదయంలో మొదటి అక్షరం ధ్వని మార్పుల సూత్రానికి లొంగదు, అక్కడ ‘హ’ బదులు ‘శ’ రావాలి. ఆ ‘శ’ శ్రద్ధలో దొరుకుతుంది. గుండె పెట్టడమే శ్రద్ధ అని వాళ్ల వ్యుత్పత్తి. నువ్వు యతి మీద పెట్టనిది అదే. మొదటి పాదం ఇలా మారిస్తే రెండు తప్పులూ పోతాయి:
ఢీకొనంగ నెదలు డిస్కార్డు పుట్టెను

సత్యనారాయణపురం అక్కయ్య: ఇంగ్లీషువాళ్లు గొడవను గుండెలో పెట్టారు, మనం చెవిలో పెట్టాం. జాతరలో అపశ్రుతి అని పేపర్లో చదివితే ఎవరో పాట తప్పారని అనుకోం కదా, ఎవరికో దెబ్బ తగిలిందనుకుంటాం. సంగీతంలోనేమో గొడవ నోటిమాటలో ఉంది, అందుకే పొసగని స్వరాన్ని వివాది అన్నారు. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన 72 మేళకర్తల్లో 40 వివాది మేళాలే. కచేరీకి శుభమా అని నాట రాగంతో మొదలుపెడతామా, అందులోనూ వివాది స్వరం ఉంటుంది. ఇదిగో నా పూరణ:

మగని తోడ నలిగి మౌనమే వారమ్ము
వీణ యొకటె నాకు వినెడి తోడు
‘తెగెనె’ యనుచు నతడు దిగులుగా నడిగెను
వీణ తీగ తెగిన విందు చెవికి

మాస్టారు: విందు తీగ చప్పుడులో లేదు, వారం తర్వాత వినబడిన ఆ ఒక్క మాటలో ఉంది. మూడో పాదంలో త–ద యతి కూడా శుభ్రంగా ఉంది. దిద్దడానికేమీ లేదమ్మా.

కుర్రాడు: అక్కయ్యా, ఇంతకీ కొత్త తీగ వేయించారా?

అక్కయ్య: ఆయన రోజూ అడుగుతున్నారు. తొందరేం లేదని చెప్పాను.