అప్‌డేట్: మోడల్ కారు బాడీ మీద తెల్ల మసక పోయింది

విశాఖలో వానల్లో 1/24 స్కేల్ (అసలు కారులో 24వ వంతు సైజు) ప్లాస్టిక్ మోడల్ కారు బాడీకి లక్కర్ పెయింట్ కొడితే ఎరుపు మీద తెల్లటి మసక పట్టిందని, రంగంతా తీసేయాలా అని అడిగాను కదా. అక్కర్లేకపోయింది! మసక ఎందుకు పట్టిందంటే, పెయింట్‌లోని థిన్నర్ చకచకా ఆవిరవుతూ బాడీని చల్లబరుస్తుంది, గాల్లోని తేమ దాని మీద చేరి రంగులో చిక్కుకుంటుంది. మీరు చెప్పినట్టే కాస్త పొడిగా ఉన్న రోజు చూసి, రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్‌తో (చిన్న స్ప్రే గన్) పల్చగా కొట్టాను. పైపొర కరిగి తేమ బయటికి పోయింది. ఒక్క డోర్ అంచు దగ్గర ఇంకా లీలగా కనిపిస్తోంది, అక్కడ మళ్లీ కొట్టాలి.

అద్దాలకు సూపర్ గ్లూ వద్దన్న సలహా బంగారం. దాని ఆవిరికి క్లియర్ ప్లాస్టిక్ తెల్లబడుతుందట. తెల్ల ఫెవికాల్ వాడాను, ఆరాక కనబడనే లేదు. క్రోమ్ ఫాయిల్ (మెరిసే లోహపు అంచుల్లా కనబడేందుకు అతికించే పల్చటి రేకు) ఇంకా రాలేదు.